ముందు మట్టిని పక్కన పెట్టండి, తర్వాతే మిషన్ దింపండి



మన గోడ పత్రికలో ప్రతిసారీ ఎవరో ఒకరు చెట్ల గురించి రాస్తారు. "చెట్లు ప్రగతికి మెట్లు" అని స్కెచ్ పెన్నులతో రాసి చుట్టూ పువ్వులు వేస్తారు. అది మంచిదే. నేను కూడా ఏడో తరగతిలో అట్లనే రాశాను. కానీ చెట్టు కింద ఉన్న మట్టి గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు. చెట్టు పోతే దూరం నుంచే తెలుస్తుంది. మట్టి పోయిన సంగతి మాత్రం విత్తనం వేసినా మొలవనప్పుడే తెలుస్తుంది. కావున ఈసారి నేను మట్టి గురించి, ఆ మట్టి మీద బతికే గడ్డి, జంతువుల గురించి రాస్తున్నాను.

నా అభిప్రాయం ఏమిటంటే, బొగ్గు కోసం గానీ, గ్యాసు కోసం గానీ, కంపెనీ కట్టడానికి గానీ ఎక్కడ మిషన్ దిగాలన్నా ముందు అక్కడ ఏమేమి బతుకుతున్నాయో లెక్క తీయాలి. పై మట్టిని తీసి పక్కన భద్రంగా పెట్టాలి. జంతువులకు దారి ఇవ్వాలి. ఇవన్నీ మిషన్ దిగకముందు చేయాలి. అంతా అయిపోయాక "మళ్లీ మొక్కలు నాటుతాం" అంటే అది కాపాడినట్టు కాదు. ఎందుకో చెప్తాను.

మొదట హైదరాబాద్ సంగతి చెప్తాను. మా అన్న రెండేళ్ల నుంచి గచ్చిబౌలిలో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేస్తున్నాడు. అక్కడ అన్నీ అద్దాల మేడలే అంటాడు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. అంతకుముందు ఆ వైపు అంతా బండలు, ముళ్లపొదలు, గడ్డి, చెరువులు. ఆ గ్రానైట్ బండల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని శాస్త్రవేత్తలు చెప్తారు. ఒక మేడకు కింద సెల్లార్ కావాలంటే ఆ బండకు బోర్లు వేసి, మందు పెట్టి పేలుస్తారు. 250 కోట్ల ఏళ్లు ఉన్న బండ ఒక్క మధ్యాహ్నంలో కంకర అవుతుంది. బండలను కాపాడాలని 1996లోనే హైదరాబాద్‌లో ఒక సంఘం పెట్టారు. అయినా చాలా బండలు పోయాయి.

ఆ హైటెక్ సిటీకి దగ్గర్లోనే కంచ గచ్చిబౌలి ఉంది. కంచ అంటే పశువులు మేసే గడ్డి భూమి. మన వైపు బీడు అంటాం కదా, అట్లాంటిది. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పెట్టినప్పుడు దానికి సుమారు 2,300 ఎకరాలు అనుకున్నారు. అందులో ఒక పక్కన ఉన్న 400 ఎకరాల మీద చాలా కాలం తగాదా నడిచింది. 2004లో అప్పటి ప్రభుత్వం ఆ భూమిని ఒక క్రీడా సంస్థకు ఇచ్చింది. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. కోర్టులో చాలా ఏళ్లు నలిగి 2024లో ప్రభుత్వమే గెలిచింది. అక్కడ ఐటీ కంపెనీలు వస్తాయని, 50,000 కోట్ల రూపాయల పెట్టుబడి, 5 లక్షల ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం చెప్పింది. ఆ భూమి తమదేనని, రికార్డుల్లో అది అడవి కాదని కూడా వాదించింది.

2025 మార్చి 30, అది ఉగాది రోజు. ఆ రోజు అక్కడ జేసీబీలు దిగాయి. తర్వాత రోజు రంజాన్. పండుగ సెలవుల్లో, రాత్రిళ్లు కూడా లైట్లు పెట్టి చెట్లు కూల్చారు. యూనివర్సిటీ విద్యార్థులు అడ్డుపడ్డారు. పోలీసులు కొందరిని పట్టుకుపోయారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే ఆ విషయాన్ని విచారణకు తీసుకుని పని ఆపమన్నది. అదే రోజు హైకోర్టు రిజిస్ట్రార్ వెళ్లి చూసి, సుమారు 100 ఎకరాల్లో చెట్లు, పొదలు పోయాయని, అక్కడ నెమళ్లు, జింకలు ఉన్నాయని రిపోర్టు ఇచ్చారు. ఏప్రిల్ 16న కోర్టు ఆ 100 ఎకరాలను మళ్లీ ఎట్లా బాగు చేస్తారో ప్లాన్ చెప్పమని అడిగింది.

మన హాస్టలు, స్కూలు, గ్రౌండు, కూరగాయల మడి అంతా కలిపినా పది ఎకరాలు ఉండదు. అట్లాంటివి పది పెడితే 100 ఎకరాలు. అది నాలుగైదు రోజుల్లో అయిపోయింది.

అక్కడ ఏమున్నాయి? మచ్చల జింకలు ఉన్నాయి. మచ్చల జింక మన తెలంగాణ రాష్ట్ర జంతువు. క్విజ్‌లో అడిగితే అందరం చెయ్యి ఎత్తుతాం. నెమళ్లు, అడవి పందులు, ముళ్లపందులు, ఉడుములు, నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి. రెండు వందలకు పైగా రకాల పక్షులను అక్కడ చూసి రాసిపెట్టుకున్నారు. నక్షత్ర తాబేళ్లను దొంగతనంగా పట్టి అమ్ముకుంటున్నారని 2019లో ప్రపంచ దేశాలన్నీ కలిసి వాటి వ్యాపారాన్ని నిషేధించాయి. ఇక్కడేమో వాటి ఇల్లే పోయింది. జింక పరుగెత్తగలదు. తాబేలు ఎట్ల పరుగెత్తుతది? నేలలో గుడ్లు పెట్టిన జీవి ఆ గుడ్లను ఎత్తుకుని పోలేదు కదా. పరుగెత్తిన జింకకు కూడా మంచి జరగలేదు. ఆ రోజుల్లోనే ఒక జింక బయటికి వచ్చి కుక్కల దాడిలో గాయపడి చనిపోయిందని పేపర్లో వచ్చింది.

ఇప్పుడు మన వైపు సంగతి చూద్దాం. "హైదరాబాద్ గొడవ మనకెందుకే?" అని నా పక్క మంచం అక్క అడిగింది. ఎందుకంటే ఆ మిషన్లే మన గూడేలకు కూడా వస్తాయి. 1871లో విలియం కింగ్ అనే ఆయన ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. అప్పటి నుంచి గోదావరి పక్కన కొత్తగూడెం, మణుగూరు, మంచిర్యాల, భూపాలపల్లి వైపు ఎక్కడ బొగ్గు ఉందో చూడడానికి బోర్లు వేస్తూనే ఉన్నారు. 2006లో గోదావరి లోయలో బొగ్గు పొరల్లో ఉండే గ్యాసు వెతకడానికి కూడా బ్లాకులు కేటాయించారు.

ఆ గ్యాసు పేరు మీథేన్. కోట్ల ఏళ్ల కింద చెట్లు నేలలో కూరుకుపోయి బొగ్గు అయినప్పుడు ఈ గ్యాసు కూడా పుట్టి బొగ్గుకు అంటుకుని ఉండిపోయింది. నీటి ఒత్తిడి దాన్ని పట్టి ఉంచుతుంది. బోరు వేసి నీళ్లు తోడేస్తే ఒత్తిడి తగ్గి గ్యాసు పైకి వస్తుంది. దీనికి వాసన ఉండదు, రంగు ఉండదు. గనిలో గాలితో కలిసి నిప్పు తగిలితే పేలుతుంది. 1965లో ధన్‌బాద్ వైపు ధోరీ గనిలో పేలుడు జరిగి 268 మంది కార్మికులు చనిపోయారు. గాలిలో కలిసినా నష్టమే. వంద ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే ఇది సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కావున గనికి ముందే బోరు వేసి ఆ గ్యాసు తీయడం మంచి పనే. కార్మికుల ప్రాణం నిలుస్తుంది, గ్యాసు పొయ్యికి, బస్సుకు పనికొస్తుంది. మన దేశంలో 2007 నుంచి పశ్చిమ బెంగాల్‌లోని రాణిగంజ్‌లో ఇట్లా తీసి అమ్ముతున్నారు.

అయితే మంచి పని కూడా చెడ్డగా చేయవచ్చు. బోరు గుంత చూస్తే జానెడు వెడల్పే. కానీ ఆ బండి రావడానికి దారి కావాలి. బండి నిలబడడానికి చదును కావాలి. మట్టి నీళ్లు వదలడానికి పెద్ద గుంత కావాలి. డీజిల్ డ్రమ్ములు, జనరేటర్, రాత్రి ఫోకస్ లైట్లు వస్తాయి. బొగ్గు పొరల నుంచి తోడే నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. అవి వాగులో వదిలితే చేపలకు, పొలంలో వదిలితే పంటకు నష్టం. దారి పడ్డాక కట్టెలు కొట్టేవాళ్లు, వేటగాళ్లు కూడా ఆ దారినే వస్తారు. బోరు వేసినవాళ్లు నెల రోజుల్లో పోతారు. దారి మాత్రం ఉండిపోతుంది.

మట్టి సంగతి మనకు బాగా తెలుసు. మా అమ్మ బడికి పోలేదు, సంతకం కూడా వేలిముద్రే. కానీ మడి చదును చేసేటప్పుడు ముందు పై మట్టిని తట్టలతో ఎత్తి గట్టు పక్కన పోస్తది. అడుగు మట్టిని సమం చేస్తది. ఆ తర్వాత పై మట్టిని మళ్లీ పరుస్తది. "పైది పాలమీద మీగడ లాంటిది, అడుగున పోతే పంట రాదు" అంటది. విత్తనాలు, వేర్లు, వానపాములు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు అన్నీ ఆ పై పొరలోనే ఉంటాయని తర్వాత మన సైన్సు పుస్తకంలో చదివాను. ఒక అంగుళం పై మట్టి తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. మా అమ్మ తట్టతో చేసే పని ఇంత పెద్ద జేసీబీ ఎందుకు చేయలేదు? చేయగలదు. చెప్పేవాళ్లు లేక చేయదు.

మొక్కలు నాటితే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు. మా ఊరి పక్కన ఒకచోట చెట్లు తీసేసి తర్వాత జామాయిల్ మొక్కలు వరుసగా నాటారు. దూరం నుంచి పచ్చగానే ఉంటుంది. లోపలికి పోతే కింద గడ్డి లేదు, తునికాకు లేదు, ఇప్ప లేదు. చెదపుట్టలు లేవు కాబట్టి వానాకాలంలో పుట్టకొక్కులు కూడా రావు. ఒక్క పిట్ట కూత వినపడదు. లెక్కలో మాత్రం "ఇన్ని వేల మొక్కలు నాటాము" అని ఉంటుంది.

ఉద్యోగాల మాట కూడా నిజమే. మా అన్న జీతం లేకపోతే మా ఇంట్లో అప్పు తీరదు. మన హాస్టల్లో ఫ్యాను తిరిగేది కూడా బొగ్గు కరెంటుతోనే. కాబట్టి ఏమీ తవ్వొద్దు, ఏమీ కట్టొద్దు అని నేను అనడం లేదు. అట్లా అంటే అది అబద్ధం అవుతుంది. కానీ ముందు లెక్క తీసి, మట్టి పక్కన పెట్టి, అడిగి పని చేస్తే ఉద్యోగాలు పోతాయా? కొంచెం ఆలస్యం అవుతుంది అంతే. కంచ గచ్చిబౌలిలో తొందరపడ్డందుకు పని మొత్తం ఆగింది, కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

చట్టాలు కూడా ఉన్నాయి. మన తాతల కాలంలో అవి లేవు. రాష్ట్రంలో చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని 2002లో వాల్టా చట్టం వచ్చింది. పేపరు మీద అడవి అని రాసి లేకపోయినా, నిజంగా అడవిలా ఉంటే దాన్ని అడవిగానే చూడాలని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. అదే ఏడాది వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు అధికారం ఇచ్చింది. 1997లో సమత కేసులో, విశాఖ జిల్లా అనంతగిరి వైపు గనుల విషయంలో, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు భూమి లీజుకు ఇవ్వకూడదని తీర్పు వచ్చింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అయితే 2023లో అటవీ చట్టాన్ని మార్చినప్పుడు, ఖనిజాలు వెతికే సర్వే పనులను అడవికి సంబంధం లేని పనిగా చూడనక్కర్లేకుండా వెసులుబాటు ఇచ్చారు. వెతకడానికి వేసే బోరు చిన్నదే కదా అని వాళ్లు అనుకొని ఉండవచ్చు. చిన్న బోరుకు కూడా దారి, చదును, గుంత కావాలని పైన రాశాను. అందుకే ఇప్పుడు మనమే ఎక్కువ కళ్లు తెరిచి చూడాలి.

బోరు వేసేచోట ఏం చేయాలి అని సైన్సు సార్‌ను అడిగి, లైబ్రరీలో చదివి, కొంత మా అమ్మ దగ్గర తెలుసుకుని ఇట్లా రాసుకున్నాను.

1. బోరు వేయకముందు ఆ చోటు చూసి చెట్లు, పుట్టలు, గూళ్లు, జంతువుల దారులు, నీటి గుంటలు లెక్క రాయాలి. ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చూడాలి. గ్రామసభలో చదివి వినిపించాలి.

2. ఉన్న దారినే వాడాలి. కొత్త దారి తప్పకపోతే ఒక్కటే వేయాలి. ఒకేచోట నిలబడి ఏటవాలుగా రెండు మూడు బోర్లు వేసే మిషన్లు ఉన్నాయి. వాటితో చదును చేసే చోట్లు తగ్గుతాయి.

3. పై మట్టిని వేరుగా తీసి, అడుగు మట్టితో కలపకుండా, తక్కువ ఎత్తు కుప్పగా పోసి గడ్డి కప్పాలి. వానకు కొట్టుకుపోకుండా చుట్టూ గట్టు వేయాలి.

4. మట్టి నీళ్ల గుంతకు అడుగున పట్టా పరచాలి, చుట్టూ కంచె వేయాలి. ఒకవైపు వాలుగా ఉంచాలి. పొరపాటున ఉడుమో తాబేలో పడితే ఎక్కి రావాలి.

5. రాత్రి పని ఆపాలి, లైట్లు ఆర్పాలి. పక్షులు గుడ్లు పెట్టే కాలంలో అక్కడ పని పెట్టుకోకూడదు.

6. పని అయ్యాక బోరుకు మూత బిగించి, గుంత పూడ్చి, పై మట్టి మళ్లీ పరిచి, అక్కడి గడ్డి, అక్కడి చెట్ల విత్తనాలే వేయాలి. దారిని దున్ని మూసేయాలి. మూడేళ్లపాటు వచ్చి చూసుకోవాలి.

మూత సంగతి మామూలుది కాదు. 2017 జూన్‌లో చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడెంలో ఏడాదిన్నర పాప మూత లేని బోరులో పడి చనిపోయింది. బోరు చుట్టూ కంచె వేయాలి, వాడని బోరు పూడ్చాలి అని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పి ఉంది. మనుషుల పిల్లలకే ఇట్లా అయితే, అడవిలో మూత లేని బోరులో ఏ పిల్ల పడినా ఎవరికి తెలుస్తది?

ఇప్పుడు చివరిగా మన హాస్టల్ మాట. నీళ్ల కొరత తీరడానికి వంటగది వెనక కొత్త బోరు వేయిస్తామని వార్డెన్ మేడం గారు ప్రార్థనలో చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. నిజంగా ఎండాకాలంలో బకెట్ నీళ్ల కోసం తెల్లవారుజామున నాలుగింటికి లేచే బాధ మనకే తెలుసు. అయితే పోయినసారి బోరు వేసినప్పుడు తెల్లటి బండ పిండి, బురద నీళ్లు కూరగాయల మడిలోకి వచ్చాయి. అది ఎండి సిమెంటులాగా గట్టిపడింది. ఆ మూల ఇప్పటికీ తోటకూర కూడా మొలవదు. వేప చెట్టు వేర్లు బండి చక్రాల కింద పడి ఒక పక్క కొమ్మలు ఎండిపోయాయి. ఎవరినీ తప్పు పట్టడానికి రాయడం లేదు. అప్పుడు ఎవరికీ ఆ ఆలోచన రాలేదు.

ఈసారి బోరు బండి రాకముందు మూడు పనులు చేద్దామని వార్డెన్ మేడం గారిని సవినయముగా కోరుతున్నాను. ఒకటి, బండి వచ్చే దారి వేప చెట్టుకు దూరంగా సున్నంతో గీత గీసి చూపించాలి. రెండు, బురద నీళ్లు పోవడానికి మడికి అవతల ముందే గుంత తవ్వించాలి. మూడు, బోరు పడే చోట పై మట్టిని మేమే ఆదివారం ఎత్తి కుప్ప పోస్తాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి ఇరవై మంది వస్తామని ఒప్పుకున్నారు. తట్టలు, పారలు ఇప్పిస్తే చాలు. నీళ్లు పడ్డా పడకపోయినా బోరుకు మూత అదే రోజు పెట్టించాలి.

మా కోయ గూడెంలో విత్తనాలు వేయకముందు భూమి పండుగ చేస్తారు. ఆ పండుగ కాకుండా ఎవరూ నాగలి కట్టరు. చదువుకోనివాళ్ల మూఢనమ్మకం అని బయటివాళ్లు కొందరు నవ్వుతారు. నేలను ముట్టుకునే ముందు ఒక్కరోజు ఆగి, ఊరంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం మూఢనమ్మకం ఎట్ల అవుతది? కంచ గచ్చిబౌలిలో కూడా జేసీబీ దిగేముందు అట్లా ఆగి, యూనివర్సిటీ వాళ్లను, పక్కనున్న బస్తీ వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే బాగుండేది.

మనలో ఎవరైనా రేపు ఇంజనీరో, ఫారెస్టు ఆఫీసరో, బోరు కంపెనీలో పనిచేసేవాళ్లో కావచ్చు. అప్పుడు మీ సంతకంతోనే మిషన్ దిగుతుంది. సంతకం పెట్టే ముందు పై మట్టి ఎక్కడ పోశారో వెళ్లి చూడండి. ఆదివారం పని గురించి పేర్లు ఇవ్వాలనుకున్న అక్కలు, చెల్లెళ్లు ఈ కాగితం కింద ఖాళీ జాగాలో పెన్సిల్‌తో రాయగలరు. నా అభిప్రాయం తప్పు అనుకున్నవాళ్లు కూడా అక్కడే రాయండి, వచ్చే పత్రికలో జవాబు ఇస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని